ఊపని తువ్వాలు

గిరిసోల స్టేషను ప్లాట్‌ఫారం మీద పైడయ్య టీ బడ్డీ. సినిమావాళ్లు కెమెరా పెట్టుకుని, సూరత్ మీదుగా వచ్చే ఎక్స్‌ప్రెస్ కోసం కాచుకున్నారు. తండ్రి వేషం వేసిన పైడయ్యకూ, బరంపురం నుంచి వచ్చిన అసిస్టెంట్ డైరెక్టరు ధనరాజుకూ మాట పెరిగింది.

"నాను సెయ్యనంటే సెయ్యను. ఇంకో ముసలోణ్ణి ఎతుక్కోండి."

"పైడయ్య బాబాయ్, ఇదేటి ఇప్పుడు? అన్ని సీన్లూ చేసీశావు. ఇదొక్కటే మిగిలింది. ఇంకాసేపట్లో బండొచ్చేస్తాది. ఇవాళ తప్పితే మళ్లీ వారం దాకా ఆ బండి లేదు."

"నిన్న నాకు కత మొత్తం సెప్పినావేటి? కొడుకు బండిలోంచి గుడ్డ ఊపుతాడు, నువ్వు సూడాలి, అన్నావు. సూత్తానన్నాను. పొద్దున్న మీ మేకప్పోడు మొకానికి పౌడరు రాస్తా సెప్తన్నాడు, అది సూసి ఈ తండ్రి సచ్చిపోతాడంట!"

"అదే క్లైమాక్సు బాబాయ్."

"క్లైమాక్సో కిరసనాయిలో. నాను సావను."

"నిజంగా చావమన్నామా? ఒక్క అడుగు ముందుకేసి నిలబడతావు, అంతే. మిగతాది గోపాల్‌పూర్‌లో సముద్రం మీద తీస్తాం. ఒక అల వచ్చి పడతాది. అక్కడ నువ్వు అక్కర్లేదు కూడా."

"మరింకేటి. ఆ అలకే పౌడరు రాసుకోండి."

"బాబాయ్, బాబాయ్... నీకు మూలకథ చెప్పకపోవడం నా తప్పే. కూర్చో, చెప్తాను. టీ పొయ్యి ఒకటి."

"వేషంలో ఉండగా టీ కాయొద్దని మీ డైరెక్టరే అన్నాడు."

"సరే, వద్దులే. విను. ఇది గ్రీసు దేశం కథ. వేల ఏళ్ల కిందటిది."

"వేల ఏళ్ల కిందటి కతకి నా బడ్డీ ఎందుకు?"

"అదే చెప్తున్నా. అక్కడొక రాజు. సముద్రం అవతల దీవిలో ఇంకో రాజు, వాడు బలిసినోడు. ఏటేటా ఈ రాజు తన ఊరి కుర్రాళ్లనీ ఆడపిల్లల్నీ పడవెక్కించి ఆ దీవికి పంపాలి. అక్కడ ఒక కట్టడం ఉంటాది, అన్నీ సందులే. లోపలికి వెళ్లినోడికి బయటికి దారి తెలీదు. నడిమధ్యలో ఒక రాక్షసుడు. ఒళ్లు మనిషిది, తల ఎద్దుది. వచ్చినోళ్లని వచ్చినట్టు తినేస్తాడు."

"ఏటేటా పంపుతారా? ఊరోళ్లు నోరు మూసుకుని ఊరుకుంటారా?"

"మనం ఊరుకోవట్లేదా? డైరెక్టరు గారు సరిగ్గా అక్కడే పట్టుకున్నారు. గంజాం జిల్లా నుంచి సూరత్‌కి ఏటేటా బోగీలు నిండిపోయి వెళ్లట్లేదా కుర్రాళ్లు? అదే ఆ పడవ. కంట్రాక్టరు వస్తాడు, పోగు చేస్తాడు, ఎక్కిస్తాడు. అక్కడ మరమగ్గాల మిల్లు, దాని సందులు, ఆ చీకటి. అదే ఆ కట్టడం."

"ఎద్దు తలకాయోడు?"

"మిల్లు సేఠు."

"సేఠుకి కొమ్ములెట్టినారా?"

"ఛ. వాడి వెనకాల గోడ మీద ఎద్దు బొమ్మ కేలండరు పెట్టాం. తెలివైనోడికి అర్థమవుతాది."

"అంటే నాకు అవదన్నమాట."

"అలా అన్నానా? ప్రతీ మాటకీ ముల్లు పెడతావు. సేఠు కాదు బాబాయ్, అసలు తినేది మగ్గం. పన్నెండు గంటలు ఆ చప్పుడులో నిలబడితే మనిషిలో మనిషి మిగలడు. నీకు నేను చెప్పాలా? మీ అబ్బాయి చిన్ను కూడా సూరత్‌లోనే కదా?"

"కత సెప్పు."

"ఎన్నాళ్లయింది వాడు వచ్చి?"

"కత సెప్తావా, మేకప్పు కడిగీమంటావా?"

"సరే, సరే. ఈ రాజు కొడుకు ఉన్నాడు కదా, ఈసారి నేను వెళ్తాను, ఆ రాక్షసుణ్ణి చంపి అందర్నీ తెస్తాను అంటాడు. వెళ్తాడు. అక్కడ ఒక పిల్ల వీడి మీద మనసు పడి దారం ఉండ ఒకటి ఇస్తాది. గుమ్మానికి కట్టి విప్పుకుంటూ వెళ్లు, మళ్లీ అది పట్టుకుని తిరిగి రా, అంటాది."

"బుర్ర ఉన్న పిల్ల."

"మన సినిమాలో ఆ పిల్ల మిల్లు పక్క సందులో చీరలకి దారాలు కత్తిరిస్తాది. మిల్లులో మంటలు లేచి కరెంటు పోతాది. పొగలో దారి కనబడదు. అప్పుడు ఆ పిల్ల మగ్గం దారం పట్టించి కుర్రాళ్లందర్నీ బయటికి లాగుతాది. ఆ సీను చూస్తే ఒళ్లు జలదరిస్తాది బాబాయ్."

"బాగుంది. ఇది బాగుంది. దారాలు కత్తిరించే పిల్లేనా?"

"ఆఁ."

"ఈ ముక్క కూడా గ్రీసుదేనా?"

"దారం గ్రీసుది. కత్తిరించడం మనది. ఎందుకు?"

"ఏటీ నేదు. తరవాత? పెళ్లి సేసుకుంటాడా?"

"లేదు. తిరిగొచ్చే దారిలో ఒక దీవిలో పడవ ఆపుతారు. ఆ పిల్ల నిద్రపోతుంటే వదిలేసి వచ్చేస్తాడు."

"ఒగ్గీసేడా?"

"వదిలేశాడు."

"ప్రాణం కాసిన పిల్లని ఒగ్గీసి వొచ్చీసేడా? ఎందుకు?"

"ఆ కథలో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. దేవుడు చెప్పాడనీ, మనసు మారిందనీ. మనం సూటిగా పెట్టాం. తండ్రికి ఇష్టం లేదు."

"ఏ తండ్రికి?"

"నీకే. అంటే, నువ్వు వేసిన వేషానికి."

"నాను ఎప్పుడన్నాను ఆ మాట?"

"డబ్బింగులో వస్తాది. ఫోన్లో అన్నట్టు. మనది కాని పిల్లని గుమ్మం ఎక్కించను, అని."

"ఎవురు సెప్పినారు మీకు?"

"ఏటి?"

"ఈ ముక్క. మనది కాని పిల్ల. మీ డైరెక్టరుకి ఎవురు సెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు. అంటే... కథలో అలా కలిసింది. లోకంలో లేనిదేటి ఇది?"

"నా మొకం సూసి మాటాడు."

"చూస్తూనే ఉన్నాను. పౌడరు కారుతోంది, తుడుచుకోకు. ఇప్పుడు అసలు ముక్కకి వద్దాం. పడవకి నల్ల తెరచాప కట్టుకుని వెళ్తాడు ఆ కొడుకు. తండ్రి అంటాడు, బతికి వస్తే తెల్లది కట్టు, నేను గట్టు మీంచి దూరాన్నే చూసి తెలుసుకుంటాను. సరే అంటాడు. తీరా వచ్చేటప్పుడు మార్చడం మర్చిపోతాడు. తండ్రి నల్ల తెరచాప చూసి, కొడుకు పోయాడనుకుని, సముద్రంలో దూకేస్తాడు. ఆ సముద్రానికి ఇప్పటికీ ఆ తండ్రి పేరే."

"నాను దూకితే ఈ స్టేషనుకి నా పేరు ఎడతారేటి?"

"నవ్వొస్తోంది గానీ, అలా అడ్డంగా మాట్లాడకు. పడవ బదులు మనం రైలు పెట్టాం. తెరచాప బదులు మీ తువ్వాలు. అది నువ్వు చెప్పిందే కదా డైరెక్టరు గారికి? మొదటి రోజున, ఇక్కడే కూర్చుని?"

"సెప్పినాను. ఎక్స్‌ప్రెస్సు ఇక్కడ ఆగదు. సూరత్ నించొచ్చే మా కుర్రోళ్లు తలుపు కాడ నిలబడి ఎర్ర తువ్వాలు ఊపుకుంటా ఎల్తారు. ఈ ప్లాట్‌ఫారం మీద ఎవుడో ఒకడు సూసి ఇంటికి కబురెడతాడు. తల్లి ఎసరెడతాది. ఆడు బరంపురంలో దిగి, ఆటో పట్టుకుని ఎనక్కి వొచ్చీసరికి అన్నం ఉడుకుతాది. మా తాతలనాటి నించీ ఇంతే."

"ఫోన్లు వచ్చినాక కూడా మానలేదు కదా?"

"ఫోను ఫోనే, తువ్వాలు తువ్వాలే. గానీ ఇందులో నలుపు ఎక్కడిది? మావోళ్లు నల్లగుడ్డ ఎప్పుడూ ఊపరు. నాను అది సెప్పనేదు. అది మీరెట్టినారు."

"కథకి కావాలి బాబాయ్. మంటల వార్త టీవీలో చూసి తండ్రి హడలిపోయి ఉంటాడు. వస్తే ఎర్ర తువ్వాలు ఊపుతానన్నాడు కదా కొడుకు, అదే పట్టుకుని బండి కోసం కాచుకుంటాడు. కొడుకు తలుపు దగ్గర నిలబడి ఆ పిల్లని తలుచుకుని ఏడుస్తుంటాడు. సూరత్ స్టేషన్లో వదిలేసి వచ్చాడు కదా. చేతిలో ఆమె నల్ల చున్నీ. ఊరొచ్చింది, చూసుకోకుండా ఆ చున్నీయే ఊపేస్తాడు. తండ్రికి దూరాన్నించి చెయ్యే కనబడతాది గానీ మొహం ఆనదు. నలుపు! ఎవరో కబురు తెచ్చారు, మనవాడు లేడు, అనుకుంటాడు."

"ఆడి కాడ ఫోను నేదా?"

"ఏటి?"

"ఫోను. ఇప్పటి కతన్నావు కదా. గ్రీసోడికి నేదు, సరే. ఈడికి నేదా? మంటల్లోంచి బయటపడినోడు తండ్రికి ఒక్క ఫోను సెయ్యడా? అయ్యా, బతికే ఉన్నాను, అని?"

"ఫోను మంటల్లో పోయింది."

"పక్కోడిది నేదా? బోగీ నిండా మనోళ్లే కదా. ఒక్కడి కాడా నేదా?"

"బాబాయ్, అలా అడిగితే ఏ కథా నిలబడదు. మర్చిపోయాడు. బాధలో ఉన్నాడు. మనుషులు మర్చిపోతారు."

"మర్సిపోరు."

"అదేటి?"

"ఊరొచ్చినప్పుడు తువ్వాలు ఊపడం ఎవుడూ మర్సిపోడు. మగ్గంకాడ చెయ్యి తెగినోడు కూడా రెండో సేత్తో ఊపినాడు, నాను సూసినాను. ఊపనేదంటే ఊపకూడదనుకున్నాడు. కావాలనే. మీ డైరెక్టరుకి అది సెప్పు. మర్సిపోనాడంట! ఆ మాట సెప్పి ఎవుణ్ణి ఓదార్సడానికి?"

"నువ్వు ఎవరి గురించి మాట్లాడుతున్నావు బాబాయ్?"

"మీ సినిమా గురించే."

"కాదు."

"కాదంటే కాదు. నాను సెయ్యాలంటే ఒకటే మాట. సీను మార్సండి. ఆ కుర్రోడు ఎర్ర తువ్వాలే ఊపాలి. ఆ పిల్లని కూడా బండెక్కించండి, పక్కన నిలబెట్టండి. దారం ఇచ్చిన పిల్లని దారిలో ఒగ్గీసి వొచ్చినోడికి ఏ తండ్రి తలుపు తీత్తాడు?"

"ఏటన్నావు? మళ్లీ అను."

"నువ్వెప్పుడొచ్చినావే బుల్లమ్మా?"

"ఇప్పుడే. దారం ఇచ్చిన పిల్లని ఏటో సెయ్యాలన్నావు. మళ్లీ అను. ధనరాజు బాబు కూడా ఇంటాడు."

"రా పిన్నీ, రా. నువ్వైనా చెప్పు మీ ఆయనకి. బండొచ్చే టైమయింది."

"ఎక్కడికొచ్చింది బాబూ బండి?"

"సోంపేట దాటిందని ఇప్పుడే ఫోను వచ్చింది. మా హీరో పలాసలో ఎక్కి అందులోనే వస్తున్నాడు, చున్నీ పట్టుకుని."

"సోంపేట దాటీసిందా? బాబో."

"నీకెందుకే బండి తొందర? కొత్త చీర కట్టినావేటి? నిన్ను సినిమాలో పెట్టలేదు కదా."

"ఎడితే మీకంటే బాగా సేద్దును."

"ఇంటికాడ పొయ్యి ఎవురు సూత్తన్నారు? పొగ కనిపిత్తంది."

"ఎసరెట్టి వొచ్చినాను."

"ఇప్పుడు ఎసరేటి? పొద్దున్న వొండిన అన్నం అలాగే ఉంది కదా."

"సాలదు."

"మనిద్దరికీ సాలదా?"

"నీకు సినిమా కత నచ్చలేదు కదా. ఏ ముక్క నచ్చలేదు?"

"మాట మార్సకు."

"నువ్వు మార్సినట్టే మార్సినాను. ధనరాజు బాబూ, ఏ ముక్కకి ఈయనకి కోపం?"

"కొడుకు ఫోను ఎందుకు చెయ్యలేదని పిన్నీ. అది తప్పంటాడు. ఫోనుంటే తండ్రి చచ్చిపోడంటాడు."

"నిజమే కదా."

"సూసినావా? మా బుల్లమ్మకి కూడా తెలిసింది, మీ డైరెక్టరుకి తెల్దు."

"మరి ఆ తండ్రి కాడ నేదా ఫోను?"

"ఏటి?"

"తండ్రి కాడ. ఆడు సెయ్యనేదు, సరే. గట్టు మీద కూకుని గుడ్డ రంగు సూసుకునే బదులు ఈ ముసలోడు సెయ్యొచ్చు కదా ఒక ఫోను. ఒరేయ్, ఎలాగున్నావురా, అని. నీ జేబులో ఉన్నదేటి?"

"సిల్లర డబ్బులు."

"తీ. బైటికి తీ. ఇది దేనికి? రోజల్లా దీన్లో డేన్సులు సూత్తావు కదా."

"పిన్నీ, కెమెరా వాళ్లు పిలుస్తున్నారు, నేను..."

"నువ్వుండు బాబూ. నువ్వుంటేనే ఈయన నా మాట ఇంటాడు. నేకపోతే లేచి ఎల్లిపోతాడు."

"నువ్వే సెప్పినావు కదే ఈలకి? మనింటి సంగతి? మనది కాని పిల్ల, అనీ..."

"సెప్పినాను. ఆ డైరెక్టరు బాబు మనింటికాడ కూకుని సద్దన్నం తిని, అమ్మా నీ కొడుకెక్కడ అనడిగినాడు. రెండు దసరాల నించి నన్నా మాట అడిగినోడు నేడు. నువ్వు అడగవు, నన్ను అననివ్వవు. సెప్పీసినాను."

"సినిమాకెక్కించినావు నన్ను."

"నువ్వు సేసిందే ఎక్కింది."

"ఏటి సేసినాను నాను? పోయిన దసరాకి ఇదే బండిలో వొచ్చినాడు ఆడు. అదే బోగీలో వొచ్చిన మనూరి బాబూరావు సూసినాడు. తలుపు కాడ నిలబడినాడంట, మెడలో తువ్వాలు ఉందంట, ఇటేపు సూసినాడంట. ఊపనేదు. నాను ఇదే బడ్డీ కాడ నిలబడి ఉన్నాను. సెప్పు ధనరాజు బాబూ, మర్సిపోనాడంటావా? మీ గ్రీసోడిలాగ? సెప్పు!"

"నాకేం తెలుసు బాబాయ్..."

"నాకు తెలుసు. ఊపొద్దన్నది నువ్వు."

"నాను?"

"అంతకుముందు దసరాకి ఆణ్ణి ఎదురుగా నిలబెట్టి, ఆ ఒరియా పిల్లని తెస్తే ఈ ఊరికి తువ్వాలు ఊపకు, నీ కోసం ఇక్కడ ఎసరెట్టే మనిషి నేదు, అన్నావా, నేదా? నాను పక్కనే ఉన్నాను. నా పేరు మీదే అన్నావు ఆ మాట."

"కోపంలో అన్నాను."

"ఆడు కోపంలో ఇన్నేడా, మామూలుగా ఇన్నేడా, నాకు తెల్దు. ఇన్నేడు. ఊపనేదు. బరంపురంలో దిగి, బస్సెక్కి, ఆ పిల్లోళ్ల ఊరు, భంజనగర్ అవతల, అటు ఎల్లిపోనాడు. అక్కడే పెళ్లి. మళ్లీ ఇద్దరూ సూరత్ ఎల్లిపోనారు."

"పెళ్లయిపోనాదా?"

"పసుపు కొమ్ము పంపినాను నాను. బాబూరావు సేత."

"బాబాయ్, మంచినీళ్లు తాగు."

"ఒద్దు. అయితే అయింది. మరి ఫోను? తల్లిదండ్రులికి ఒక్క ఫోను... ముందర ఎంత గట్టిగా మాటాడేవోడు! ఫోను అక్కర్నేకుండానే సూరత్ నించి ఇనిపించేది. ఇప్పుడు గొంతు పోనాదా ఆడికి?"

"గొంతు కాదు. చెవి."

"ఏటి చెవి?"

"మగ్గాల కాడ చెవులు పోనాయి ఆడికి. ఎదురుగా నిలబడి అంటే పెదాలు సూసి అర్తం సేసుకుంటాడు. ఫోన్లో ఒక్క మాట ఇనబడదు. అందుకే అరిసేవోడు. ముందునించీ అరిసేది అందుకే. మనం అనుకునేవోళ్లం, కుర్రోడు హుషారుగా ఉన్నాడని."

"ఎవురు... నీకెవురు సెప్పినారు?"

"ఆ పిల్ల. సౌందర్య. దారాలు కత్తిరించి వొచ్చి రోజూ సాయంకాలం నాకు ఫోను సేత్తాది. ముందర ఆల బాసలో మాటాడేది, నాను మన మాట నేర్పినాను. ఇప్పుడు నాలాగే మాటాడతాది. నువ్వు బడ్డీ కట్టి వొచ్చీలోపు పెట్టీసేవోళ్లం."

"రోజూనా?"

"రోజూ."

"నా ఇంట్లో?"

"నీ ఇంట్లోనే. బాబూ, బండి ఎక్కడుంది?"

"ఇచ్ఛాపురంలో దూరుతోందంట. బాబాయ్, చెప్పడానికి ఇది సమయం కాదు గానీ, కెమెరా నీ మీదికి తిప్పేశారు. సీను వద్దంటే వద్దు. నేను డైరెక్టరుతో పడతాను. ఊరికే నిలబడు చాలు. నిలబడితే చాలు."

"బుల్లమ్మా. ఆ ఎసరు... ఎవురికి?"

"నలుగురికి. మనకిద్దరికీ, ఆలిద్దరికీ."

"ఈ బండిలోనేనా?"

"ఈ బండిలోనే. గానీ గిరిసోలకి వొత్తారో, తిన్నగా భంజనగర్ బస్సెక్కుతారో, నాకు తెల్దు. ఆడొకటే అన్నాడంట. అమ్మ రమ్మంటే రాను, అయ్య రమ్మంటేనే వొత్తాను, అని. అందుకే సీర కట్టుకుని పరిగెట్టుకుని వొచ్చినాను. నువ్వేమో ఇక్కడ సినిమా బాగునేదని కూకున్నావు."

"ముందర సెప్పొచ్చు కదా!"

"ముందర సెప్తే ఆలోసించి ఒద్దంటావు. నీకు ఆలోసించే టైము ఇవ్వకూడదని ఇప్పుడు సెప్తన్నాను. ఇదిగో, నొక్కినాను. మోగుతోంది. పట్టుకో."

"నానేటి మాటాడేది? ఆడికి ఇనబడదంటివి..."

"పట్టుకో!"

"హలో... హలో? ఓరి చిన్నూ... నాన్రా, అయ్యని... ఇనబడతందా? ఒరేయ్..."

"మావయ్యా, నాను సౌందర్యని. ఆయనకి ఫోను ఇనబడదు. బండి ఇచ్ఛాపురం దాటీసింది. తలుపు కాడే ఉన్నాం ఇద్దరం. తువ్వాలు నా సేతిలో ఉంది. ఊపమంటారా, ఒద్దా?"